ఎగిరే మాట లేకుండా ఎగిరిన డేగ

ఇంగ్లీషులో పైకి పోవడానికి మాటల కరువు లేదు. రైజ్, ఫ్లై, క్లైమ్ ఆ భాషలో పుట్టి పెరిగినవి. మౌంట్, సోర్ ఫ్రెంచి నుంచి వచ్చి చేరాయి. అసెండ్ లాటిన్ చదువుల వెంట వచ్చింది. హోవర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో నిఘంటుకారులు కూడా తేల్చలేదు. పుట్టిల్లు వేరు కాబట్టి చేసే పనీ వేరే. పొద్దూ, పులిసిన పిండీ, సరుకుల ధరా, నిద్రలేచే మనిషీ అన్నీ రైజ్ అవుతాయి. రాజు సింహాసనానికీ, క్రీస్తు పరలోకానికీ అసెండ్ అవుతారు. కాళ్ళూ చేతులూ కష్టపడి ఎక్కితే అది క్లైమ్. రెక్క కదపకుండా గాలి మీద పైపైకి పోతే సోర్. ఆ మాట లోపల గాలి అనే అర్థమున్న లాటిన్ ‘ఔరా’ ఇంకా దాగి ఉంది. హోవర్ అసలు లేవడమే కాదు, లేచిన చోట నిలబడడం.

ఇన్ని మాటలు అందుబాటులో ఉన్న కవి, పక్షిని చూసి ఏ మాట తీసుకుంటాడు, ఏది వదిలేస్తాడు అన్నది చిన్న సంగతి కాదు. షెల్లీ ‘టు ఎ స్కైలార్క్’నూ, జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ ‘ది విండ్‌హోవర్’నూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక వింత బయటపడుతుంది. మొదటి కవితలో పైకి లేచే క్రియలు పుష్కలంగా ఉన్నాయి, పక్షి మాత్రం కనిపించదు. రెండో కవితలో, నేను పైన చెప్పిన ఏడు మాటల్లో ఒక్కటీ క్రియగా లేదు. డేగ మాత్రం గాలిలో నిలిచి, మలుపు తిరిగి, ఎదురుగాలిని కొట్టి మన కళ్ళ ముందే తిరుగుతుంది. ఇది యాదృచ్ఛికమని నేను అనుకోను.

షెల్లీ తన కవితను 1820లో ఇటలీలో లివోర్నో దగ్గర ఉండగా రాశాడు. ఒక వేసవి సాయంత్రం పొలాల మధ్య దారుల్లో నడుస్తుంటే విన్న పిట్ట పాటే దానికి మూలమని ఆయన భార్య మేరీ షెల్లీ తర్వాత రాసింది. ఆ ఏడే ‘ప్రొమీథియస్ అన్‌బౌండ్’తో కలిపి అచ్చయింది. మొత్తం ఇరవై ఒక్క చరణాలు. ఒక్కో చరణంలో నాలుగు పొట్టి పాదాలు, చివర ఒక పొడుగు పాదం. రెండో చరణంలోనే షెల్లీ తన క్రియలన్నీ బయటికి తీస్తాడు. పిట్ట నేల మీంచి ఎగసి లేస్తుంది. రెక్క అనే నామవాచకాన్నే క్రియగా మార్చి, ఆ పిట్ట నీలపు లోతుల్ని రెక్కిస్తుందంటాడు. అంటే ఆకాశం అక్కడ సముద్రమైపోతుంది. ఇక ఆ చరణం చివరి పొడుగు పాదంలో సోర్ అనే మాటా, పాడడం అనే మాటా రెండేసి సార్లు వచ్చి ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. పాట ఎక్కడ ఆగింది, ఎగురుడు ఎక్కడ మొదలైంది అని విడదీయలేని విధంగా ఆ పాదాన్ని కట్టాడు. మూడో చరణంలో పిట్ట అస్తమించిన సూర్యుడి బంగారు వెలుగులో తేలుతుంది, పరుగెడుతుంది.

అక్కడితో సరి. నాలుగో చరణంలో ఎగురుడు ఒక నామవాచకంగా చివరిసారి కనిపిస్తుంది, పిట్ట పట్టపగటి నక్షత్రంలా కంటికి అందకుండా పోతుంది. ఆ తర్వాత పదిహేడు చరణాలున్నాయి. వాటిలో పక్షి పైకి పోయే క్రియ నాకు దొరకలేదు. కవి వెతుక్కునేవన్నీ పోలికలే. ఆలోచన వెలుగులో దాగిన కవి, కోట బురుజులో ఒంటరి రాకుమారి, మంచులో మిణుగురు, ఆకుల మరుగున గులాబీ. అన్నీ దాక్కున్నవే. వాటి నుంచి బయటికి వచ్చేవన్నీ కిందికి వచ్చేవే. వెన్నెల కురుస్తుంది, చినుకులు రాలుతాయి, పాట వానగా పడుతుంది. పిట్ట పైకి పోవడం మూడు చరణాల్లో ముగిసిపోయి, మిగతా కవితంతా ఆ పాట కింద తడుస్తూ నిలబడిన మనిషిది. షెల్లీని గాలి కవి అనీ, నేల ఆనని కవి అనీ అనేవాళ్ళు ఈ కురవడాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పక్షుల సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడొక అభ్యంతరం చెప్పవచ్చు. స్కైలార్క్ సోర్ చేసే పక్షి కాదు. అది పొలంలో నేల మీదే గూడు కట్టుకునే చిన్న గోధుమరంగు పిట్ట. మగ పిట్ట పాడుతూ దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. లేస్తున్నంత సేపూ రెక్కలు టపటపా కొట్టుకుంటూనే ఉంటుంది. రెక్క కదపకుండా గాలి మీద లేవడం గద్దకూ రాబందుకూ చేతనైన పని. ఆ లెక్కన షెల్లీ వాడిన క్రియ తప్పు. అయినా ఆయన కవితను మొదలుపెట్టడమే దాన్ని పక్షి కాదని చెప్పి మొదలుపెట్టాడు. శ్రమ కనిపించని ఎత్తు కావాలి ఆయనకు. రెక్కల శ్రమ చూపిస్తే ఆ అశరీర ఆనందం చెదిరిపోతుంది. తెలిసే చేశాడో, ఇంగ్లీషు కవిత్వంలో అలవాటుగా ఉన్న మాట కాబట్టి వాడాడో గాని, ఆ కవితకు అదే సరిపోయింది. వర్డ్స్‌వర్త్ 1825లో అదే పిట్ట మీద రాసినప్పుడు దాని కళ్ళూ మనసూ నేల మీది గూటినే అంటిపెట్టుకున్నాయా అని అడిగాడు. అందులో పక్షిశాస్త్రం సరిగ్గా ఉంది. కవితగా మాత్రం షెల్లీదాని ముందు నిలవదు. బుద్ధి చెప్పాలనే ఆత్రం ఆ చిన్న కవితలో ఎక్కువైంది.

మన తెలుగులో భావకవులు ఆకాశాన్ని చూసిన తీరులో షెల్లీ వాటా ఎంతో ఉంది. కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అని పిలుచుకున్నాం. నేల మీద కాలు నిలవని ఆ ఆనందం, కనిపించని గొంతు, తేలిపోవడం మన చెవికి అలవాటైన సంగీతమే. హాప్కిన్స్‌ను చదవడం మొదలుపెట్టిన తెలుగు పాఠకుడికి అందుకే కొంచెం ఇబ్బంది. ఆయనలో తేలిపోవడం ఉండదు. గాలికి బరువుంటుంది.

హాప్కిన్స్ ‘విండ్‌హోవర్’ను 1877 మే 30న రాశాడు. అప్పుడాయన ఉత్తర వేల్స్‌లో సెయింట్ బ్యూనోస్ అనే జెసూట్ విద్యాలయంలో వేదాంతం చదువుతున్నాడు. గురుపట్టం అందుకోవడానికి ఇంకా కొన్ని నెలలున్నాయి. 1868లో జెసూట్ సంఘంలో చేరబోయే ముందు పాత కవితల్ని కాల్చేసి, ఏళ్ళ తరబడి దాదాపు మౌనంగా ఉండి, 1875 చివర్లో ఒక ఓడ మునిగిపోయిన వార్త విన్నాక మళ్ళీ కలం పట్టినవాడు. తాను రాసినవాటిలో ఇదే మేలైనదని మిత్రుడు రాబర్ట్ బ్రిడ్జెస్‌కు ఉత్తరంలో రాశాడు. హాప్కిన్స్ 1889లో చనిపోయాడు. ఆ మిత్రుడే 1918లో పుస్తకం వేసేదాకా లోకానికి ఈ డేగ ఉన్నట్టే తెలియదు.

విండ్‌హోవర్ అంటే కెస్ట్రెల్ అనే చిన్న డేగకు పల్లెజనం పెట్టుకున్న పేరు. ఎదురుగాలికి అభిముఖంగా, గాలి ఎంత వేగంతో తోస్తే అంతే వేగంతో ముందుకు ఎగురుతుంది. అందుచేత నేల మీంచి చూస్తే ఉన్నచోటే వేలాడుతున్నట్టుంటుంది. రెక్కలూ తోకా ఎంత సర్దుకుంటున్నా తల మాత్రం కదలదు, కింద గడ్డిలో ఎలుక కదలిక కోసం చూస్తుంటుంది. హోవర్ అనే మాట పేరులోనే ఉంది కాబట్టి హాప్కిన్స్ దాన్ని కవిత లోపల వాడలేదు. పేరు చెప్పేసిన పనిని ఇంకోలా చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంకో దారి ఆయనకు నేల మీద దొరికింది.

డేగ గాలి మీద స్వారీ చేస్తుంది. గాలి దాని కింద గుర్రంలా చదునుగా, నిలకడగా ఉంటుంది. ఆ ఎత్తులో డేగ పెద్ద పెద్ద అంగలు వేస్తుంది. తర్వాత వచ్చే క్రియే ఈ కవితకు ఆయువుపట్టు. కళ్ళెం మీద ‘రింగ్’ అయ్యిందంటాడు. గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాడు మధ్యలో నిలబడి పొడవాటి పగ్గం పట్టుకుంటే గుర్రం చుట్టూ వలయంగా తిరుగుతుంది. ఒక అర్థం అది. డేగలతో వేటాడేవాళ్ళ భాషలో రింగ్ అంటే చుట్లు చుట్టుకుంటూ పైకి లేవడం. అది రెండో అర్థం. మనం గిరికీలు కొట్టడం అంటామే, దానికి పైకి పోవడం కూడా కలిస్తే ఆ మాట అవుతుంది. అంటే ఈ కవితలో డేగ నిజంగా పైకి లేచేది ఈ ఒక్క చోటే. అదీ నేల మీది గుర్రపు మాట మరుగున లేస్తుంది. ఆ తర్వాత అది వంపు తిరిగి దూసుకుపోతుంటే, మంచు మీద జారే మనిషి స్కేట్ మడమ గీసిన గీత గుర్తొస్తుంది కవికి. గ్లైడ్ అనే మాట ఉందిగా అని ఎవరైనా అడగొచ్చు. ఉంది, కాని స్కేటు వెనకాలే వచ్చింది కాబట్టి అది కూడా ముందు మంచు మీదే జారుతుంది. దాని పక్కనే విసురు ఉంది. ఆ విసురు పెద్ద గాలిని వెనక్కి నెట్టేస్తుంది.

ఈ వేటగాళ్ళ భాష గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లీషులో ఎత్తుకు సంబంధించిన పదజాలంలో ఒక ముఖ్యమైన భాగం డేగ వేట నుంచి వచ్చింది. డేగ దాడికి దూకే ముందు చేరుకునే ఎత్తు ‘పిచ్’. అక్కడి నుంచి రెక్కలు ముడుచుకుని కిందికి దూకడం ‘స్టూప్’. షేక్‌స్పియర్‌కు ఈ మాటలు కొట్టినపిండి. ‘జూలియస్ సీజర్’ తొలి రంగంలోనే ఒక అధికారి, సీజర్ రెక్కల్లో పెరుగుతున్న ఈకలు పీకేస్తే మామూలు పిచ్‌లోనే ఎగురుతాడని అంటాడు. ‘ఆరవ హెన్రీ’ రెండో భాగంలో రాజుగారి పరివారం డేగ వేటకు వచ్చి, డేగ ఎంత ఎత్తు ఎగిరిందో మాట్లాడుకుంటున్నట్టే మాట్లాడుతూ ఒకరి పదవీకాంక్షను ఒకరు పొడుచుకుంటారు. ‘మాక్బెత్’లో రాజు హత్య జరిగిన మర్నాడు ఒక ముసలివాడు, ఎత్తున తన స్థానంలో గర్వంగా ఉన్న డేగను ఎలుకలు పట్టుకు తినే గుడ్లగూబ చంపేసిందని చెబుతాడు. ఆ ‘ప్రైడ్ ఆఫ్ ప్లేస్’ ఇవాళ ఇంట్లో షోకేసులో పెట్టిన కప్పుకు వాడుతున్నారు. దాని కింద ఉన్న ఆకాశం జారిపోయింది. మన దగ్గరా వేటడేగను సాళువం అన్నారు. సాళువ రాజవంశం పేరులో ఆ పక్షి ఇప్పటికీ ఉంది. రాజ్యానికీ డేగకూ ఉన్న చుట్టరికం ఇంగ్లండుకు మాత్రమే సొంతం కాదు. హాప్కిన్స్ కూడా తన డేగను పగటి రాజ్యపు యువరాజు అంటాడు. కాని ఆ రాచరికాన్ని చివరిదాకా ఉండనివ్వడు.

ఇక్కడ ఇంకో కవితను పక్కన పెట్టాలి. అదే 1877 మే నెలలో రిల్ అనే సముద్రతీరపు ఊళ్ళో హాప్కిన్స్ ‘ది సీ అండ్ ది స్కైలార్క్’ రాశాడు. షెల్లీ పిట్టే ఇది. ఇందులో ఆయన అసెండ్ అనే క్రియను మొహమాటం లేకుండా వాడాడు. ఒకవైపు సముద్రపు హోరు, ఇంకోవైపు పైకి పోతున్న లార్క్. అసెండ్ అని ఊరుకోలేదు. వెంటనే ఆ పాట ఒక రాట్నం మీంచి చుట్టలు చుట్టలుగా ఊడి వస్తున్న నూలవుతుంది, ఆ తర్వాత కుంభవృష్టిగా కురుస్తుంది. షెల్లీ వాన ఇక్కడా ఉంది. తేడా ఏమిటంటే, షెల్లీ వాన చంద్రుడి నుంచీ మేఘం నుంచీ వస్తే, హాప్కిన్స్ వానకు ముందు ఒక యంత్రం తిరుగుతుంది, ఎవరో చేతులతో పని చేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఒకే పక్షి, ఒకే కిందికి కురవడం. అయినా ఒకటి ప్రకృతి ఇచ్చింది, ఇంకోటి పనితనం ఇచ్చింది. ఈ పోలిక చూశాకే ‘విండ్‌హోవర్’లో ఆకాశపు క్రియలు లేకపోవడం ఆయన ఎంచుకున్నదే అని నాకు గట్టి నమ్మకం కలిగింది. ఆ మాటలు తెలియక కాదు, అదే నెలలో వాడి ఉన్నాడు. (ఈ పిట్ట ఎక్కడం మీద జార్జ్ మెరెడిత్ 1881లో రాసిన ‘ది లార్క్ అసెండింగ్’ కవిత ఆధారంగా స్వరకర్త వాన్ విలియమ్స్ 1914లో వయొలిన్ కోసం ఒక రచన మొదలుపెట్టాడు. అందులో వయొలిన్ ఒంటరిగా లేచే చోట తాళపు గీతలే లేకుండా రాశాడు. మాట అవసరం లేని కళకు ఆ స్వేచ్ఛ ఉంది.)

‘విండ్‌హోవర్’ రెండో భాగంలో ‘బకిల్’ అనే ఒక్క క్రియ చుట్టూ విమర్శకులు దశాబ్దాలుగా వాదులాడుకుంటున్నారు. బిగించి కట్టుకో అనా, బరువుకు వంగి కూలిపో అనా? విలియం ఎంప్సన్ 1930లో ‘సెవెన్ టైప్స్ ఆఫ్ ఆంబిగ్విటీ’లో ఈ కవితను తన ఏడో రకానికి, అంటే రెండు విరుద్ధమైన అర్థాలు ఒకే కవి మనసులో పోట్లాడుకునే రకానికి, ఉదాహరణగా తీసుకున్నాడు. నాకు రెండూ కావాలి. కవచం బిగించుకుని యుద్ధానికి వెళ్ళేవాడే విరిగి పడేవాడు కూడా. ఎందుకంటే కవిత చివరి మూడు పాదాల్లో ఆకాశం ఆనవాలు లేదు. కాళ్ళీడ్చుకుంటూ పోయే దుక్కి ఉంది. దున్నీ దున్నీ మట్టి రాపిడికి తళతళలాడే నాగలి ఉంది. ఆరిపోయి నీలంగా కనిపిస్తున్న నిప్పులు పొయ్యిలో కిందికి పడి, పగిలి, లోపలి బంగారు ఎరుపు చూపిస్తాయి. గాలిలో అంత ఎత్తున మొదలైన కవిత చివరి పాదం పడడం అనే క్రియతో మొదలవుతుంది. షెల్లీలో పాట కురిసింది. ఇక్కడ వెలుగు కురవదు, దెబ్బ తగిలిన చోటు నుంచి చీల్చుకుని వస్తుంది.

ఇంకా అరవై నాలుగేళ్ళకు మనిషి స్వయంగా ఆ ఎత్తుకు పోయి రాసిన కవిత ఒకటి ఉంది. జాన్ గిలెస్పీ మెగీ రాయల్ కెనడియన్ వైమానిక దళంలో యుద్ధవిమానం నడిపేవాడు. 1941లో స్పిట్‌ఫైర్ విమానంలో ముప్పై వేల అడుగుల ఎత్తున ఉండగా మొదలైందని చెప్పి, ‘హై ఫ్లైట్’ అనే సానెట్‌ను తల్లిదండ్రులకు ఉత్తరంలో పంపాడు. ఆ డిసెంబరు 11న లింకన్‌షైర్ మీద ఇంకో విమానాన్ని ఢీకొని చనిపోయాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఆ పద్నాలుగు పాదాల్లో అతను ఇంగ్లీషులో ఉన్న ఎగిరే క్రియలన్నీ కుమ్మరించాడు. జారిపోవడం, నాట్యమాడడం, క్లైమ్, చక్కర్లు కొట్టడం, సోర్, ఊగడం, హోవర్, తరమడం, విసరడం, అన్నీ.

దీన్ని హాప్కిన్స్ సానెట్ పక్కన పెడితే ఉలిక్కిపడతాం. ఇద్దరిలోనూ ఊగే మాట ఉంది, విసిరే మాట ఉంది, గాలితో తలపడడం ఉంది. ఇద్దరూ పాదం చివర ఒక కదలిక క్రియను పెట్టి, ఎత్తు అనే మాటను తర్వాతి పాదం మొదట్లోకి తెచ్చారు. చదివే కన్ను కిందికి దిగుతుండగా అర్థం పైకి పోతుంది. మెగీ హాప్కిన్స్‌ను చదివాడని నేను అనడం లేదు. ఆ మలుపు దగ్గర భాష ఇద్దరికీ ఒకే పని చేసిపెట్టింది. తేడా మాత్రం పెద్దది. స్పిట్‌ఫైర్ హోవర్ చేయలేదు. వేగం ఒక హద్దు దాటి తగ్గితే రాయిలా పడిపోతుంది. గాలిలో నిలబడ్డానన్న మెగీ మాట విమానం సంగతి కాదు, ఆ క్షణంలో అతనికి కలిగిన అనుభవం సంగతి. అందుకు అతన్ని తప్పుపట్టను. కాని ఆ క్రియల వరుసలో ఒకదాని బరువు ఇంకోదాని మీద పడదు, ఒకటి తీసేసి ఇంకోటి పెట్టినా కవిత చెక్కుచెదరదు. హాప్కిన్స్‌లో ‘రింగ్’ తీసేస్తే డేగ నేల మీద పడుతుంది. అందరికీ గుర్తుండే చివరి మాట, దేవుడి ముఖాన్ని తాకానన్నది, 1938లో వచ్చిన ‘ఐకరస్’ అనే ఎగురుడు కవితల సంకలనంలో ఇంకొకరి కవితలో ఉన్నదే. పంతొమ్మిదేళ్ళవాడు తాను చదివి ప్రేమించినదాన్ని తనదనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

అయినా ఆ సానెట్‌లో చివరికి వచ్చేసరికి ఒక క్రియ నన్ను ఆపుతుంది. అన్ని ఎగురుళ్ళూ అయ్యాక, ఎవరూ అడుగుపెట్టని ఆకాశపు పవిత్రస్థలంలో తాను ‘ట్రాడ్’, అంటే అడుగులు వేశానంటాడు. కొంచెం ముందే గాలి మందిరాలకు పాదాలు లేవన్నవాడే ఇక్కడ పాదాలు తెచ్చుకున్నాడు. కాక్‌పిట్‌లో ఇరుక్కుని కూర్చున్న కుర్రాడు, కాళ్ళు పెడల్స్ మీద పెట్టుకుని, ఉన్నంతలో అతి పెద్ద ఎత్తును చెప్పాల్సి వచ్చినప్పుడు నడక దగ్గరికే వెళ్ళాడు. హాప్కిన్స్ డేగ వేసిన అంగల దగ్గరికే. ఆ కవితలో మెగీ పూర్తిగా తనంతట తాను దొరకబుచ్చుకున్న చోటు నా దృష్టిలో అదే. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్షనౌక పేలి ఏడుగురు వ్యోమగాములు చనిపోయిన సాయంత్రం, అమెరికా అధ్యక్షుడు రీగన్ తన ఉపన్యాసాన్ని ఈ కవిత మాటలతో ముగించాడు. మొదట్లోని భూమి బంధాలు తెంచుకుని జారిపోవడాన్నీ, చివర్లోని దేవుడి ముఖాన్నీ తీసుకున్నాడు. ఆనందంగా లేచిన జారడం ఆ సాయంత్రం మరణానికి పేరైంది, ఈనాటికీ చాలామంది ఆ కవితను చావు కవితగానే ఎరుగుదురు. మధ్యలో ఆ పిల్లాడు ఆకాశంలో వేసిన అడుగులు ఉపన్యాసంలో లేవు. అవి చూడాలంటే కవిత మొత్తం చదవాలి.